నోట్సుకీ ప్లానర్‌కీ రంగు జెల్ పెన్నులు: కొనే ముందు నుంచి రీఫిల్ మార్చేదాకా

రంగు జెల్ పెన్నుల మీద మనసు పడగానే చాలామంది చేసే మొదటి పని 24 రంగుల సెట్టు కొనేయడం. డబ్బా తెరవగానే పండగలా ఉంటుంది, మొదటి రోజు ప్లానర్‌లో ఒక్కో లైనుకి ఒక్కో రంగు వాడేస్తాం, వారం తిరిగేసరికి ఏ రంగు ఎందుకు వాడామో గుర్తుండదు, మళ్ళీ పాత నీలం బాల్ పెన్నే చేతిలోకి వస్తుంది. నా విషయంలో ఇది రెండుసార్లు జరిగింది. మూడోసారి సెట్టు జోలికి పోకుండా నాలుగంటే నాలుగు పెన్నులు విడిగా ఎంచుకుని, నా పుస్తకం మీద, నా చేతిరాతతో పరీక్షించుకుని, ఒక్కో రంగుకి ఒక్కో పని అప్పజెప్పాను. ఆరేళ్ళుగా అదే పద్ధతి నడుస్తోంది. మీకు కూడా సెట్టు కొనకుండా ఎలా మొదలుపెట్టాలో మొదటి నుంచి చెప్తాను.

ముందు పెన్నులో ఏముందో కాస్త తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి. బాల్ పెన్నులో ఉండేది నూనె లాంటి చిక్కటి ఇంకు, జెల్ పెన్నులో ఉండేది నీళ్ళలో కలిపి చిక్కబరిచిన ఇంకు. దీన్ని మొదట తెచ్చింది జపాన్‌లోని ఒసాకాకి చెందిన సకురా కంపెనీ, 1984లో. వాళ్ళు నీళ్ళ ఇంకుని చిక్కబరచడానికి క్సాంథన్ గమ్ వాడారు, సాసుల్లో, ఐస్‌క్రీముల్లో వేసే పదార్థమే అది. టమాటా సాస్ సీసా బోర్లించి పట్టుకున్నా కిందికి దిగదు, గట్టిగా కుదిపితే ఒక్కసారిగా జారుతుంది కదా, జెల్ ఇంకు కూడా అంతే. ఊరికే ఉన్నప్పుడు గడ్డగా ఉంటుంది, మొనలోని బాలు తిరిగేటప్పుడు పలచబడి కాగితం మీదికి వస్తుంది. చిక్కగా ఉంటుంది కాబట్టి సన్నటి రంగుపొడి అడుగున పేరుకోకుండా అందులో తేలుతూ ఉంటుంది, అందుకే తెలుపు, బంగారం, వెండి, మెరుపుల రంగులు కూడా జెల్ పెన్నుల్లో వచ్చాయి. నీళ్ళ ఇంకు కావడం వల్ల రాత మెత్తగా సాగుతుంది, రంగు నిండుగా పడుతుంది. ఆరడానికి టైం పట్టడం, పలచటి కాగితంలో దిగిపోవడం కూడా అందువల్లే.

మొదటి మెట్టు: పెన్ను కన్నా ముందు పుస్తకం చూడండి

మామూలు రూళ్ళ నోట్‌బుక్కుల్లో కాగితం 60 జీఎస్‌ఎం లోపు, లేదా అటూ ఇటూగా ఉంటుంది. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. చాలా పుస్తకాల అట్ట లోపలో వెనకో ఈ అంకె వేసి ఉంటుంది, ఒకసారి వెతకండి. 60 లోపు కాగితం మీద నిండు రంగు జెల్ పెన్ను పెడితే వెనక పేజీలో రాత నీడలా కనిపిస్తుంది, గట్టిగా రాసేవాళ్ళదైతే చుక్కలు చుక్కలుగా అవతలికి దిగుతుంది. 70, 80 ఉంటే రెండు వైపులా హాయిగా రాసుకోవచ్చు. అలాగని మీ దగ్గరున్న పుస్తకం పారేయక్కర్లేదు, కుడి చేతి పేజీలోనే రాసి ఎడమ పేజీ ఖాళీ వదిలితే సరిపోతుంది, ఆ ఖాళీ తర్వాత అదనపు పాయింట్లు రాసుకోవడానికి పనికొస్తుంది కూడా.

బరువొక్కటే చూసి నమ్మకండి. బాగా నున్నగా మెరిసే కాగితం బరువైనదే అయినా ఇంకుని పీల్చుకోదు, అది పైనే నిలబడి చేతికి అంటుకుంటుంది. చాలా డైరీల్లో, కంపెనీలు కొత్త సంవత్సరానికి ఉచితంగా ఇచ్చే ప్లానర్లలో ఇదే ఇబ్బంది. ఆఖరి పేజీ తెరిచి నాలుగు గీతలు గీసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

రెండో మెట్టు: మొన సైజు, మన అక్షరాలకి సరిపోయేది

పెన్ను మీద 0.38, 0.5, 0.7, 1.0 అని ఉంటుంది. అది మొనలోని బాలు సైజు, మిల్లీమీటర్లలో. కాగితం మీద పడే గీత అంతకన్నా కొంచెం సన్నగా ఉంటుంది. పెన్నుల గురించి వచ్చే సలహాలు ఎక్కువగా ఇంగ్లిష్ రాతని దృష్టిలో పెట్టుకుని చెప్పేవి, వాటిని తెలుగు రాతకి నేరుగా తెచ్చుకుంటే కుదరదు. మన అక్షరాలు గుండ్రం, లోపల చిన్న చిన్న సున్నాలుంటాయి, కింద ఒత్తులుంటాయి. ‘ప’కీ ‘ఫ’కీ, ‘డ’కీ ‘ఢ’కీ తేడా అంతా కింద ఉండే ఆ చిన్న గీతలోనే ఉంది. లావు మొనతో చిన్నగా రాస్తే ఆ గీత అక్షరంలో కలిసిపోతుంది, ‘ష’ లోపలి మెలిక పూడుకుపోయి ‘ప’లా కనిపిస్తుంది.

అందుకని షాపులో పెన్ను ఇచ్చినప్పుడు గజిబిజి గీతలు గీసి ఊరుకోకండి, సంతకం పెట్టి కూడా ఊరుకోకండి. నేను ఎప్పుడూ రాసి చూసే మాటలు ఇవి: జ్యోత్స్న, రాష్ట్రం, విఫలం, ఘృతం, క్షీణించు. మీరు మామూలుగా రాసే సైజులోనే రాయండి. ‘జ్యోత్స్న’లో ఒత్తులు విడివిడిగా కనబడితే, ‘ఘ’ లోపలి ఖాళీలు తెల్లగా మిగిలితే ఆ మొన మీకు సరిపోయినట్టే. నా రాతకి ప్లానర్ గడుల్లో 0.5 సరిపోతుంది, నోట్‌బుక్కులో హెడ్డింగులకి 0.7. మరీ చిన్నగా రాసేవాళ్ళు 0.38 చూడండి, కానీ దాన్ని ఒత్తి రాస్తే గరుగ్గా గీరుతుంది, మొన తొందరగా పాడవుతుంది. మెరుపుల పెన్నులు ఎక్కువగా 1.0 దగ్గర వస్తాయి, ఆ మెరుపు రేణువులు బయటికి రావాలంటే బాలు పెద్దదిగా ఉండాల్సిందే. వాటితో తెలుగులో చిన్న రాత రాయాలని చూడకండి, గీతలకీ బార్డర్లకీ బాగుంటాయి.

ఇంకో చిన్న సంగతి, కొత్త పెన్ను మొనకి మైనం బొట్టో చిన్న రబ్బరు తొడుగో ఉంటుంది, ఇంకు ఆరకుండా పెట్టింది. అది తీయకుండా రాసి పెన్ను పనిచేయట్లేదని వెనక్కి ఇచ్చేవాళ్ళని చూశాను.

మూడో మెట్టు: నాలుగే కొనండి

ఒక నలుపు లేదా ముదురు నీలం, ఒక ఎరుపు, ఒక ముదురు ఆకుపచ్చ, ఒక ఊదా. మొదలుపెట్టడానికి ఇవి చాలు. ఈ నాలుగూ తెల్ల కాగితం మీద దూరం నుంచి కూడా ఒకదానితో ఒకటి కలవకుండా కనిపిస్తాయి. గులాబీ, నారింజ, లేత నీలం అందంగానే ఉంటాయి గానీ ఎరుపు పక్కన నారింజ పెడితే రాత్రిపూట పసుపు బల్బు కింద రెండూ ఒకేలా అనిపిస్తాయి. పసుపు జెల్ పెన్ను అయితే తెల్ల కాగితం మీద చదవడానికి అసలు పనికిరాదు. తెలుపు, లేత పాల రంగులు నల్ల కాగితం కోసం చేసినవి.

ఊరి బుక్ స్టాల్లో దొరికే పది రూపాయల జెల్ పెన్ను నలుపు, నీలం, ఎరుపుల్లో చాలా బాగానే రాస్తుంది, దానికోసం ఖరీదైన పెన్ను వెతకడం అనవసరం. ఊదా, ముదురు ఆకుపచ్చ లాంటివి మాత్రం చవక సెట్లలో పలచగా, ఆగి ఆగి వస్తాయి. ఆ రెండింటికి కొంచెం ఎక్కువ పెట్టి జపాన్ కంపెనీల పెన్నులు విడిగా కొనుక్కోవడం మేలు: యూనీబాల్ సిగ్నో, పైలట్, జీబ్రా సరాసా, పెంటెల్ ఎనర్‌జెల్ లాంటివి. ఎడమ చేత్తో రాసేవాళ్ళు తొందరగా ఆరే ఎనర్‌జెల్ రకం ముందు చూడండి, మన రాత కూడా ఎడమ నుంచి కుడికే కాబట్టి చెయ్యి తడి అక్షరాల మీదుగానే జరుగుతుంది. కొనేటప్పుడే దానికి రీఫిల్ దొరుకుతుందా అని అడగండి. రీఫిల్ లేని పెన్ను ఎంత బాగా రాసినా రోజువారీ పనికి నేను తీసుకోను, ఎందుకంటే జెల్ పెన్ను బాల్ పెన్ను కన్నా చాలా తొందరగా అయిపోతుంది.

నాలుగో మెట్టు: ఒక పేజీ పరీక్ష

ఇది మానేయకండి, అరగంట పని. మీ పుస్తకం ఆఖరి పేజీలో పై నుంచి కిందికి నాలుగు పెన్నుల పేర్లు, సైజులు రాయండి. తర్వాత ఒక్కో పెన్నుతో ఇవి చేసి చూడండి.

ఆరడం: ఒకే మాట నాలుగుసార్లు రాసి, మనసులో లెక్కపెట్టుకుంటూ 3, 6, 10, 20 సెకన్లకి ఒక్కోదాని మీద వేలితో రుద్దండి. ఎక్కడ అలుక్కుపోవడం ఆగిందో ఆ అంకె పక్కన రాసుకోండి. 20 సెకన్లకి కూడా తోకలు సాగుతుంటే ఆ పెన్నూ ఈ కాగితమూ కలవవు. వానాకాలంలో, అందులోనూ సముద్రం దగ్గర ఊళ్ళలో, అదే పెన్ను ఇంకాస్త ఆలస్యంగా ఆరుతుంది, అది గుర్తుంచుకోండి.

నీళ్ళు: బాగా ఆరిన రాత మీద వేలితో ఒక నీటి బొట్టు వేసి, నిమిషం ఆగి టిష్యూతో అద్దండి. పిగ్మెంట్ ఇంకు, అంటే నీళ్ళలో కరగని రంగుపొడి కలిపింది అయితే అక్షరం అలాగే ఉంటుంది, డై ఇంకు, అంటే నీళ్ళలో కరిగే రంగు అయితే చెదిరి చుట్టూ పాకుతుంది. రెండూ జెల్ పెన్నులుగానే అమ్ముతారు, బయటికి చూస్తే తేడా తెలీదు. బ్యాగులో నీళ్ళ సీసా పక్కనే పుస్తకం పెట్టుకుని తిరిగేవాళ్ళకి ఈ పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం.

హైలైటర్: రాసిన రెండు నిమిషాలకి ఒకసారి, పావుగంటకి ఒకసారి గీసి చూడండి. చాలా జెల్ ఇంకులు తొందరపడితే హైలైటర్‌తో పాటు సాగి పేజీని మురికి చేస్తాయి, హైలైటర్ మొన కూడా నల్లబడుతుంది. అలా సాగే పెన్ను ఉంటే ముందు హైలైటర్ పూసి, అది ఆరాక దాని మీద రాయడం సులువైన దారి.

జెరాక్స్: ఈ ఒక్క పరీక్ష ఎవరూ చెప్పరు, మనకి మాత్రం తప్పనిసరి. నోట్సు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు జెరాక్స్ అడుగుతారు. ఆ పేజీని నలుపు తెలుపులో ఒక కాపీ తీయించండి, లేదా ఫోన్‌లో స్కాన్ చేసి బ్లాక్ అండ్ వైట్ పెట్టి చూడండి. లేత నీలం, గులాబీ, నారింజ కొన్నిసార్లు సగం మాయమవుతాయి. ఇంటర్‌లో నా స్నేహితురాలు కెమిస్ట్రీ సమీకరణాలన్నీ లేత నీలంలో అందంగా రాసి ఇచ్చింది, మా చేతికొచ్చిన కాపీల్లో బాణం గుర్తులు మాత్రమే మిగిలాయి, పరీక్ష ముందు రోజు రాత్రి అందరం ఆమె పుస్తకం చుట్టూ కూర్చుని చేత్తో రాసుకున్నాం.

ఏళ్ళ తరబడి దాచుకునే డైరీ అయితే ఇంకొక్కటి. రాసిన కాగితంలో సగం అట్టముక్కతో కప్పి, ఎండ పడే కిటికీకి నెల రోజులు అంటించి ఉంచండి. అట్ట తీసి చూస్తే ఏ రంగు వెలిసిందో మీ కళ్ళకే కనబడుతుంది.

ఐదో మెట్టు: రంగుకి పని అప్పజెప్పడం

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రంగు బాగుందని వాడితే ఎక్కువ రోజులు సాగదు. ఈ రంగు కనబడితే ఈ సంగతి అని కంటికి అలవాటు కావాలి, అప్పుడు పేజీ చదవకుండానే సగం అర్థమవుతుంది. నేను ప్లానర్‌లో పెట్టుకున్న పద్ధతి ఇది: మామూలు పనులన్నీ నలుపు, తప్పితే నష్టం వచ్చే ఆఖరి తేదీలు ఎరుపు, డబ్బు ఆకుపచ్చ, మనుషులు ఊదా.

మే నెలలో నా పేజీ ఒకటి ఎలా ఉందో చెప్తాను. నలుపులో ‘నీళ్ళ ట్యాంకు కడిగించాలి’, ‘దోసెలకి పప్పు నానబెట్టాలి’, ‘ఆఫీసు రిపోర్టు రెండో భాగం’. ఎరుపులో ఒకే ఒక లైను, ‘కరెంటు బిల్లు ఈ రోజే ఆఖరు’. ఆకుపచ్చలో ‘కూరలు 180, పాలవాడికి పోయిన నెల బాకీ ఇచ్చాను’. ఊదాలో ‘పిన్నికి ఫోను, మోకాలి నొప్పి ఎలా ఉందో’. పొద్దున కాఫీ తాగుతూ పేజీ వంక చూస్తే ముందు ఆ ఎరుపు కనబడుతుంది, బిల్లు కట్టేశాక మిగతావి చూసుకుంటాను. నెలాఖరున ఆకుపచ్చ ఒక్కటే చూసుకుంటూ పేజీలు తిప్పితే ఖర్చుల లెక్క పది నిమిషాల్లో తేలుతుంది. ఊదా కోసం తిప్పితే ఎవరితో మాట్లాడి ఎన్ని వారాలైందో తెలుస్తుంది. నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఈ ఊదాయే. రెండు వారాల పాటు పేజీల్లో ఊదా కనబడకపోతే ఆ రోజు సాయంత్రమే అమ్మకో పిన్నికో ఫోను చేస్తాను.

మీ పనులు వేరు, కాబట్టి మీ విభజన వేరేగా ఉంటుంది. ఏది పెట్టుకున్నా అట్ట లోపలి వైపు నాలుగు లైన్లలో, ఆ రంగు పెన్నులతోనే రాసి పెట్టండి. రెండు వారాల దాకా మార్చకండి. అయిపోయిన పనికి రంగు మార్చాలని చూడకండి, నలుపుతో టిక్కు పెడితే చాలు, లేకపోతే ఒక్కో పనికి రెండు రంగులై అయోమయం మొదలవుతుంది. కావాల్సిన పెన్ను చేతిలో లేనప్పుడు దానికోసం వెతుకుతూ కూర్చోకుండా ఉన్నదాంతో రాసేయండి, సాయంత్రం ఇంటికొచ్చాక ఆ లైను ముందు సరైన రంగు చుక్క పెడితే అదే పని చేస్తుంది. నా ప్లానర్‌లో సగానికి పైగా చుక్కలే ఉంటాయి.

చదువుకునేవాళ్ళకి కొంచెం వేరు

క్లాసులో వింటూ రాసేటప్పుడు ఒకే పెన్ను. పెన్నులు మారుస్తూ కూర్చుంటే సార్ చెప్పేది సగం పోతుంది. రంగులు రెండోసారి, అదే రోజు రాత్రి చదివేటప్పుడు వేయండి. ఏది ముఖ్యమో తేల్చుకుంటూ చదవాల్సి వస్తుంది కాబట్టి ఆ రంగు వేయడమే ఒక రివిజన్ అవుతుంది.

గ్రూప్స్‌కి చదివేవాళ్ళ నోట్సులో ఒక పేజీ అనుకుందాం, రాష్ట్రాల ఏర్పాటు. సంవత్సరాలు, తేదీలు ఎరుపు: 1953 అక్టోబర్ 1 ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1 ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 తెలంగాణ. కమిషన్లు, ఒప్పందాలు ఆకుపచ్చ: ఫజల్ అలీ కమిషన్, పెద్దమనుషుల ఒప్పందం. మనుషుల పేర్లు ఊదా: పొట్టి శ్రీరాములు. మిగతా వివరణ అంతా నలుపులోనే. పరీక్ష ముందు రోజు ఎరుపు మాత్రమే చూసుకుంటూ పోతే తేదీలన్నీ ఒక వరసలో కళ్ళ ముందుకి వస్తాయి. ఒక లైనులో ఒకటి రెండు మాటలకి మించి రంగు వేయకండి, లైనంతా ఎరుపైతే ఆ పేజీలో ఎరుపుకి విలువుండదు.

పరీక్ష హాల్లో మాత్రం ఈ రంగులేవీ వద్దు. ఓఎంఆర్ షీటుకి సాధారణంగా నీలం లేదా నలుపు బాల్ పాయింట్ పెన్నే అడుగుతారు, జెల్ పెన్నుతో బుడగలు నింపితే తడి ఇంకు పక్క బుడగకి అలుక్కుంటుంది. జవాబు పత్రంలో ఎరుపు దిద్దేవాళ్ళ రంగు, దాని జోలికి వెళ్ళకండి. మిగతాది హాల్ టికెట్ మీద ఏముంటే అది.

ఈ పనులకి రంగు జెల్ పెన్నులు, చెరిగే జెల్ పెన్నులు వాడొద్దు

బ్యాంకు చెక్కులు ఇప్పుడు స్కాన్ అయి వెళ్తాయి, కాబట్టి ఊదా, గులాబీ లాంటి ముచ్చట్లు పెట్టుకోకుండా స్కాన్‌లో స్పష్టంగా కనిపించే నలుపు లేదా నీలం వాడండి. దరఖాస్తుల మీద ఆకుపచ్చ సంతకం గెజిటెడ్ అధికారులకి అలవాటైన రంగు, మనం పెట్టకపోవడమే మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది చెరిగే జెల్ పెన్నులతో. వెనక ఉన్న రబ్బరు ముక్కతో రుద్దితే రాత పోతుంది కదా, అది నిజంగా చెరగడం లేదు, రుద్దినప్పుడు పుట్టే వేడికి ఇంకు రంగు కోల్పోతోంది. 60 డిగ్రీలు దాటితే చాలు. రెండేళ్ళ కిందట నాన్నగారికి బీపీ, షుగర్ మందులు పొద్దున ఏవి, రాత్రి ఏవి అని ఒక పట్టిక రాశాను, మూడు రంగుల్లో, చాలా శ్రద్ధగా. తప్పు పోతే దిద్దుకోవచ్చని చెరిగే పెన్నులే వాడాను. ఫ్రిజ్ మీద అంటించడానికి గట్టిగా ఉండాలని లామినేషన్‌కి ఇచ్చాను. మెషిన్‌లోకి ఒక వైపు నుంచి నిండు పట్టిక వెళ్ళింది, రెండో వైపు నుంచి తెల్ల కాగితం వచ్చింది. లామినేషన్ చేసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా మొహం వంక చూశాడు. ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెడితే రాత మళ్ళీ తేలింది, కొంచెం వెలిసినట్టుగా. మైనస్ 10, 20 డిగ్రీల చలికి ఆ రంగు వెనక్కి వస్తుంది. నేను ఆ పట్టికని నమ్మలేక డాక్టర్ చీటీ పక్కన పెట్టుకుని పిగ్మెంట్ ఇంకుతో కొత్తది రాశాను. మందులు, డబ్బు లెక్కలు, సంతకాలు, ఇలాంటివేవీ చెరిగే పెన్నుతో రాయకండి. ఎండలో నిలబెట్టిన కారులో ఆ నోట్‌బుక్కు వదిలేయకండి, వేడి టిఫిన్ డబ్బా దాని మీద పెట్టకండి. పెన్సిల్‌తో వేసుకునే తాత్కాలిక టైంటేబుల్ లాంటివాటికి మాత్రం అవి ఎంతో హాయి.

పెన్నులు ఎక్కువ రోజులు బతకాలంటే

క్యాపు పెట్టడం, మొన లోపలికి నొక్కడం మర్చిపోకండి, ఇది నీళ్ళ ఇంకు, గాలికి ఆరుతుంది. స్టాండులో పెడితే మొన కిందికి ఉంచండి. కింద పడేయకండి, మొన నేలకి తగిలితే బాలు సొట్టపోయి ఇంకు ధారగా కారడమో అసలు రాకపోవడమో జరుగుతుంది, దానికి మందు లేదు, రీఫిల్ మార్చడమే. రీఫిల్ వెనక చివర పారదర్శకంగా జిగురులాంటిది కనిపిస్తుంది, అది ఇంకు వెనక నుంచి ఆరకుండా, కారకుండా కాపాడే మూత, పాడైందనుకుని తుడిచేయకండి.

చాలా రోజులు వాడని పెన్ను మొరాయిస్తే మొనని గోరువెచ్చని నీళ్ళలో పది సెకన్లు ముంచి, తుడిచి, రబ్బరు మీద చిన్న సున్నాలు చుట్టండి. ఎక్కువసార్లు వస్తుంది. రీఫిల్ మధ్యలో గాలి బుడగ ఉంటే పెన్నుని క్యాపు పెట్టి, మొన బయటివైపు ఉండేలా పట్టుకుని, థర్మామీటరు విదిలించినట్టు నాలుగుసార్లు విదిలించండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి, లైటరు వెలిగించి మొన కాల్చే పద్ధతి మాత్రం వద్దు, లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది.

నెల గడిచాక నాలుగు రీఫిళ్ళూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది సగానికి తగ్గిందో దానికి ఇంకో రీఫిల్ తెచ్చుకోండి. ఏది నిండుగా అలాగే ఉందో, దానికి మీరిచ్చిన పని మీకు అవసరం లేదన్నమాట, ఆ రంగుకి వేరే పని ఇచ్చి చూడండి, రెండో నెల కూడా కదలకపోతే ఇంట్లో ముగ్గులేసే పిల్లలకి ఇచ్చేయండి. ఐదో రంగు కొనాలనిపిస్తే అప్పుడు కొనుక్కోండి, కొన్న రోజే అట్ట లోపలి వైపు దాని పేరుతో ఐదో లైను రాసి.